దుప్పటి అవతలి కొస

ఆసుపత్రి వెనక, రేకుల కప్పు కింద ఉండే లాండ్రీలో దుప్పటి మడతపెట్టడం ఒక్కరి పని కాదు. ఈ కొస ఒకరు, ఆ కొస ఒకరు పట్టుకోవాలి. ఇద్దరూ వెనక్కి వాలి గట్టిగా లాగితే ముడతలు పోతాయి. తరవాత సగానికి మడిచి, మళ్ళీ లాగి, ఒకరికెదురు ఒకరు నడిచి వచ్చి అంచుకి అంచు కలపాలి. లాగేటప్పుడు ఒకరు ఉన్నపళంగా చెయ్యి సడలిస్తే రెండోవాళ్ళు వెల్లకిలా పడతారు, దుప్పటి నేల పాలవుతుంది. నేల తాకిన దుప్పటి మళ్ళీ ఉతుక్కి పోవలసిందే. అందుకని పనిలో చేరిన ప్రతి మనిషికీ మొదటిరోజున ఒకటే చెబుతారు: అవతలి మనిషి సడలించేదాకా నువ్వు సడలించకు, కళ్ళలోకి చూసుకుని ఇద్దరూ ఒక్కసారే సడలించండి.

ఈ మాట చెప్పే బాధ్యత వదినది. లాండ్రీలో ఆమె అసలు పేరు హాజరు పుస్తకంలో తప్ప ఇంకెక్కడా వినపడదు. ఆమె పనికి కుదిరిన మూడేళ్ళకి ఆమె ఆడపడుచు కూడా అక్కడే చేరి, మిషన్ల మోతలో "వదినా, ఓ వదినా" అని గొంతు చించుకుని పిలిచేది. ఆ పిలుపు చెవినబడి సూపర్‌వైజరమ్మా వదిన అంది, నర్సులూ వదిన అన్నారు, నలుగురు మనవల్ని ఎత్తుకున్న బట్టల బండి తోలే ముసలాయన కూడా వదినగారూ అనడం మొదలుపెట్టాడు. ఆడపడుచుకి పిచ్చుక అని పేరు పెట్టింది మాత్రం వదినే. చిన్న మనిషి, ఒకచోట కాలు నిలవదు, నోటికి విశ్రాంతి లేదు. వదినకి అరవైనాలుగు, పిచ్చుకకి అరవైఒకటి. ఇరవై ఎనిమిదేళ్ళుగా ఒకే దుప్పటికి చెరో కొసా పట్టుకున్నవాళ్ళు. గోడమీద పలకలో జోడీల వరసలో మొదటి జోడీ వాళ్ళదే.

ఆ రోజు తడి దుప్పట్ల బండిని వాలు మీదికి నెడుతుంటే ముందు చక్రం ఇరుక్కుంది. బండి బరువంతా వెనక్కి జారింది. కింద, వాలు చివర, క్యాంటీన్ ఆవిడ టీ కెటిల్‌తో ఎవరితోనో మాట్లాడుతూ అటు తిరిగి నిలబడి ఉంది. వదిలేసి పక్కకి తప్పుకుందామన్న ఆలోచన ఇద్దరికీ రాలేదు. చెరోపక్కా కాలు తన్నిపట్టి, బండిని ఆపి, క్యాంటీన్ ఆవిడ తప్పుకునేదాకా పళ్ళబిగువున నిలబడ్డారు. అప్పుడే వదినకి కుడి పిక్కలో, పిచ్చుకకి ఎడమ పిక్కలో, లోపల ఏదో పటుక్కుమంది.

"చూశారా, దెబ్బ కూడా మడతపెట్టినట్టే తగిలింది, కుడికి ఎడమ" అని ఇస్త్రీ దగ్గర ఉండేవాళ్ళు నవ్వారు. క్యాంటీన్ ఆవిడ మాత్రం నవ్వలేదు. మర్నాటినుంచి రోజూ సాయంత్రం పని దిగాక వాళ్ళిద్దరి ఇంటికీ ఉడకబెట్టిన గుడ్లు పట్టుకొచ్చి, ఎవరికీ చెప్పకుండా గుమ్మం దగ్గర పెట్టి వెళ్ళేది.

ఇల్లు ఒకటే. కింది గదుల్లో వదిన, ఆమె భర్త. పైన ఒంటిగదిలో పిచ్చుక. ఆమె భర్త పోయి తొమ్మిదేళ్ళయింది. వదిన భర్త, అంటే పిచ్చుక అన్నయ్య, జీవితమంతా బస్సు తోలి రిటైరైన డ్రైవరు. ఆయన ఏం మాట్లాడినా అందులో ఒక బ్రేకో ఒక టైరో ఉంటుంది.

మొదటి రెండురోజులూ వదినే గెలిచింది. గెలిచిందని ఎవరూ అనలేదు, ఆమె మనసులో అనుకుంది. పిచ్చుక పిక్క తెల్లారేసరికి తలగడంత పొంగి, ఎర్రబడి, ముట్టుకుంటే పెనంలా కాలింది. పాపం అది కళ్ళనీళ్ళు పెట్టుకుంది. వదిన కాలు నొప్పేగానీ చూడ్డానికి మామూలుగానే ఉంది.

"నాకు వాపే రాలేదు" అంది వదిన, మెట్లకింద నిలబడి పైకి వినపడేలా. "ఒళ్ళు గట్టిది కాబట్టి సరిపోయింది."

"నీ ఒళ్ళు ఉక్కు వదినా. నాది తుక్కు" అంది పిచ్చుక పైనుంచి.

వదిన జాలిపడింది. ఆ జాలి ఎంత హాయిగా ఉందో ఆమెకే తెలియాలి. కాలు కదిపితే గాయం పెరుగుతుందని, ఎలాగూ తనకి తొందరగా తగ్గుతుందని, రెండు వారాలు మంచం దిగకుండా పడుకుంది. మోకాళ్ళ నొప్పులకని రెండేళ్ళుగా వేసుకుంటున్న మాత్రలు ఇంట్లో ఉన్నాయి. వాపు రాకముందే చంపేస్తే పోతుందని రెండుపూటలా వేసుకోవలసినవి మూడుపూటలా మింగింది.

నాలుగోరోజున వదిన కాలికి వాపు మొదలైంది. పదోరోజుకి పిచ్చుక వాపు సగం దిగింది. మూడోవారానికి పిచ్చుక గోడ పట్టుకుని మెట్లు దిగి, గుమ్మంలో నిలబడి పక్కింటావిడతో కబుర్లాడింది. వదిన కాలు మాత్రం పెద్దగా పొంగకుండా, పూర్తిగా దిగకుండా, లోపల సన్నటి సెగ పెట్టినట్టు అలాగే ఉండిపోయింది. పొద్దున్న లేస్తే పిక్క కర్రలా బిగుసుకుని ఉండేది.

"వేగంగా వేడెక్కిన ఇంజను వేగంగా చల్లబడింది" అన్నాడు డ్రైవరు, భార్య కాలికి కట్టు కడుతూ. "నీది డీజిల్ బండి. స్టార్టింగూ లేటే, ఆపడమూ లేటే."

"మీ చెల్లెలిది కొత్త మోడలు కాబోలు."

"నేనేమన్నానే ఇప్పుడు?"

"మీరేం అనలేదు లెండి. ఆ కట్టు గట్టిగా లాగకండి."

ఏడోవారంలో పిచ్చుక పనికి వెళ్ళింది. వెళ్ళేముందు లోపలికి వచ్చి, మంచం పక్కన నిలబడి, "నీ కొస ఎవ్వరికీ ఇవ్వనులే వదినా" అంది. వదిన నవ్వింది. అది గుమ్మం మెట్లు దిగిపోతుంటే ఆ నడకని చెవులతో వెంబడించింది. ఒక మెట్టుకీ ఇంకో మెట్టుకీ మధ్య తడబాటు వినపడుతుందేమోనని చూసింది. వినపడలేదు.

అన్నమాట నిలబెట్టుకోవడం పిచ్చుక చేతిలో లేదు. ఒంటరిగా దుప్పటి మడతపెట్టలేదు కదా. సూపర్‌వైజరమ్మ ఆమెకి ఎదురుగా ఒక కొత్తావిడని నిలబెట్టింది. నలభై ఏళ్ళ మనిషి, పొడగరి. ఆ వారం చివర సూపర్‌వైజరమ్మే చూడ్డానికి ఇంటికి వచ్చింది. ఆపిల్ పళ్ళు తెచ్చింది. కాసేపు కాలి సంగతి అడిగింది. తరవాత కుర్చీ అంచుకి జరిగింది.

"వదినా, నాకూ పైనుంచి అడుగుతున్నారు. దెబ్బ తగిలిన దగ్గర్నుంచి పదోవారం వచ్చేదాకా చూస్తాను. అప్పటికి మీరు వస్తే మీ జోడీ మీదే. రాకపోతే పలకమీద కొత్తావిడ పేరు రాసేస్తాను. మీకు గలీబుల బల్ల దగ్గర కూర్చుని చేసే పని ఇస్తాను. అదేం తక్కువ పని కాదు."

తక్కువ పని కాదుగానీ ఒంటి పని. తలగడ గలీబు ఒక్కరే మడతపెట్టొచ్చు. గోడవైపు తిరిగి కూర్చుని, ఎవరి కళ్ళలోకీ చూడనక్కరలేకుండా.

"వస్తాను" అంది వదిన. "పదో వారం సోమవారం నేను అక్కడుంటాను."

వదినకి దైవభక్తి ఉంది. చూపించుకునే భక్తి కాదు. పొద్దున్నే మొహం కడుక్కుని, కిటికీవైపు తిరిగి, రెండు నిమిషాలు కళ్ళు మూసుకునేది. ముందు ఇంట్లోవాళ్ళకి, తరవాత లాండ్రీవాళ్ళకి, తరవాత ఆ దుప్పట్లమీద పడుకునే రోగులందరికీ మంచి జరగాలని కోరుకునేది. తనకోసం అడగడం ఆమెకి కొత్త. ఆ వారం అడిగింది. తండ్రీ, నా కాలు బాగుచెయ్యి. మర్నాడు కూడా అడిగింది. మూడోనాడు అడుగుతూ అడుగుతూ, దానికి కూడా ఇంకో నాలుగు రోజులు నొప్పి ఉంచు, ఎక్కువేం వద్దు, నాలుగు రోజులు చాలు, అనేసింది. అన్నాక కళ్ళు తెరిచింది. ఎవరో విన్నట్టు గదంతా కలియజూసింది. ఆ రోజుకి ప్రార్థన అక్కడే ఆపేసి, లేచి, కుంటుకుంటూ వెళ్ళి పాలు పొయ్యిమీద పెట్టింది. పెట్టిన సంగతి మరిచిపోయింది. పాలు పొంగిపోయాయి.

వ్యాయామాల డాక్టరమ్మ ఇద్దరికీ ఒకటే కసరత్తు చెప్పింది. కుర్చీ వీపు పట్టుకుని, మడమలు లేపి మునివేళ్ళమీద నిలబడి, నెమ్మదిగా దించడం. వదినకి రోజుకి పన్నెండు. పిచ్చుకకి ఎన్నో వదిన అడగలేదు. అడగనక్కర్లేకపోయింది. పైగదిలో నేల చెక్కది. సాయంత్రం పని నుంచి వచ్చి పిచ్చుక కసరత్తు మొదలుపెడితే మడమ దిగినప్పుడల్లా కిందికి టక్కుమని వినపడేది. టక్. కాస్త ఆగి, టక్.

మొదటిరోజు వదిన మంచంమీద కూర్చుని లెక్కపెట్టింది. ఇరవై. మనసు భగ్గుమంది. కావాలనే, నాకు వినపడాలనే అంత గట్టిగా దించుతోంది అనుకుంది. చిన్నప్పటినుంచీ అంతే, దాని గొప్ప అది చెప్పుకోదు, చప్పుడు చేస్తుంది. మర్నాడు వదిన లేచి, మంచం కోడు పట్టుకుని, ఎనిమిదోదాని దగ్గర కలిసింది. పైన టక్కుమంటే కింద మడమ దించడం. చేస్తూ చేస్తూ, ఇరవై ఎనిమిదేళ్ళు చేసిన పనే ఇది అనిపించింది. అది ఆ కొస, నేను ఈ కొస. అంచుకి అంచు కలవాలి. కలవకపోతే మడత వంకర పోతుంది.

ఆ రోజు ఇరవై ఆరు. మర్నాడు ముప్పై. వదిన అనుకునేది, ఇక ఆపుతుంది, ఇప్పుడు ఆపుతుంది అని. పైన ఆగేది కాదు. పైన ఆగకుండా తను ఆగడానికి ఆమె ఒళ్ళు ఒప్పుకోలేదు, మనసు అసలే ఒప్పుకోలేదు. పిక్కలో సలుపు మొదలైతే పళ్ళు బిగించేది. తరవాత ఒక మాత్ర వేసుకునేది. మాత్ర వేసుకుంటే సలుపు తెలిసేది కాదు. తెలియకపోతే తగ్గుతున్నట్టే అనుకునేది.

"ఏమిటే ఆ ఊగడం? మంచం విరిగేలా ఉంది" అన్నాడు డ్రైవరు ఓ సాయంత్రం.

"నన్ను కదిలించకండి. ముప్పై ఎనిమిది."

"ఎన్నికి ఆపుతావు?"

"మీ చెల్లెల్ని అడగండి."

ఆయన పైకి చూశాడు, భార్యని చూశాడు, టీ గ్లాసు పట్టుకుని వీధిలోకి వెళ్ళి నిలబడ్డాడు. ఆడవాళ్ళిద్దరి మధ్యకీ బండి పోనిచ్చే అలవాటు ఆయనకి లేదు.

తొమ్మిదోవారం శుక్రవారం. సోమవారానికి ఇక మూడురోజులు. పైన టక్ టక్ మొదలైంది. వదిన కూడా మొదలుపెట్టింది. ముప్పై దాటింది. నలభై దాటింది. నలభైమూడు దగ్గర పిక్క వణికింది. నలభైఐదు దగ్గర చెమట కళ్ళల్లోకి దిగింది. పైన టక్. నలభైఆరు. మడమ దిగలేదు. కాలే దిగిపోయింది. పాత చోటే, అదే పటుక్కు. వదిన మంచం కోడు పట్టుకునే నేలమీద కూలబడింది. అరవలేదు. పైన ఇంకొకసారి టక్ అంది, తరవాత నిశ్శబ్దం. అది ముందు సడలించలేదు, నేనే వదిలేశాను అన్నది ఆమెకి వచ్చిన మొదటి ఆలోచన. నొప్పి ఆ తరవాత తెలిసింది.

శనివారం పొద్దున్న డాక్టరమ్మ గదిలో వదిన బల్లమీద పడుకుని ఉంది. డాక్టరమ్మ పిక్కని వేళ్ళతో మెల్లగా తడిమి, ఒకచోట ఆగింది.

"మీకు చెప్పింది పన్నెండు కదా వదినగారూ. నిన్న ఎన్ని చేశారు?"

"నలభై ఆరు."

"ఎవరు చెప్పారు?"

"పైకప్పు."

డాక్టరమ్మ పెన్ను పక్కన పెట్టి కుర్చీ దగ్గరికి లాక్కుంది. ఆమె గదిబయట చాలామంది ఉన్నారు. అయినా తలుపు దగ్గరగా వేసి, మంచినీళ్ళు తెచ్చి ఇచ్చి, మొదటినుంచీ అడిగింది. వదిన చెప్పింది. పడుకున్న రెండువారాలూ, మూడుపూటల మాత్రలూ, నొప్పికి నిద్రపట్టక కుర్చీలో కూర్చోవడం, చిగుళ్ళు ఎన్నాళ్ళుగానో రక్తం కారడం, చక్కెర కాస్త ఎక్కువుందని పోయినేడు చెప్పినా మళ్ళీ చూపించుకోకపోవడం, అన్నీ. పిచ్చుక మాట తప్ప అన్నీ.

"మొదట వాపు రాలేదని సంతోషించారా?"

"మరి? దానికి తలగడంత వచ్చింది."

"ఆ తలగడే ఆవిడకి మేలు చేసింది. కండ చిరిగితే ముందు ఒళ్ళు ఒక దండుని పంపిస్తుంది. చచ్చిపోయిన పోగుల్ని ఏరి, ఆ చోటు శుభ్రం చెయ్యడానికి. ఆ పని జరిగేటప్పుడే వాపూ, ఎరుపూ, మంటా. అది రోగం కాదు, పని. వాళ్ళ పని అయ్యాక వాళ్ళు తప్పుకోవాలి, కొత్త పోగులు అల్లేవాళ్ళు రావాలి. వయసు మీదపడ్డ ఒంట్లో చాలాసార్లు జరిగేదేమిటంటే, ఆ మొదటివాళ్ళు ఆలస్యంగా వస్తారు. వచ్చాక పోరు."

వదిన కాసేపు పైకప్పు చూసింది. ఈ పైకప్పు ఏం మాట్లాడలేదు.

"మా లాండ్రీలో మధ్యన ఒక గోడ ఉంది" అంది చివరికి. "గోడకి అవతల మురికిబట్టలు ఏరేవాళ్ళు, ఇవతల మడతపెట్టేవాళ్ళు. వాళ్ళు ఇటు రాకూడదు. అంటే నా పిక్కలో ఏరేవాళ్ళు గోడ దాటి వచ్చి మడతబల్ల మీదే మురికి మూటలు దింపుకుని కూర్చున్నారంటావా అమ్మా?"

డాక్టరమ్మ నవ్వింది. "నేను చదువుకున్నదానికన్నా మీరు చెప్పిందే బావుంది. అదే. పైగా చిగుళ్ళ వాపు, చక్కెర, నిద్రలేకపోవడం, ఇవన్నీ ఒంట్లో ఎప్పుడూ ఒక సన్నసెగ పెట్టి ఉంచుతాయి. ఆ సెగలో అల్లేవాళ్ళకి పని సాగదు. మాత్రలు కూడా, నన్ను అడక్కుండా అన్నేసి వద్దు. మొదట్లో రావలసిన వాపుని కూడా నొక్కేస్తాయి, నొప్పి తెలియకుండా చేసి నలభైఆరు చేయిస్తాయి. ఇందులో ఇంకా మాకూ తెలియనివి చాలా ఉన్నాయి. కానీ కదలకుండా పడుకుంటే కండ కరిగిపోతుందని మాత్రం బాగా తెలుసు. అతిగా లాగితే తెగుతుందని మీకూ తెలిసింది."

"మరి పిచ్చుక నాకన్నా మూడేళ్ళే కదా చిన్నది?"

అడగకూడదనుకున్న మాట నోట్లోంచి జారిపోయింది.

"పుట్టినరోజు లెక్క వేరు, కండ లెక్క వేరు వదినగారూ. ఆవిడ మూడోరోజునుంచే గదిలో అటూ ఇటూ నడిచింది. చక్కెర లేదు. రోజుకి రెండు గుడ్లు తింది."

క్యాంటీన్ ఆవిడ తెచ్చిన గుడ్లు. వదిన తన వాటా గుడ్లు భర్తకి పెట్టేది. కదలకుండా పడుకున్నదానికి తిండెందుకని.

"ఎన్నాళ్ళు పడుతుంది?"

"ఈసారి మూడునెలలు. మీరు నే చెప్పినట్టు వింటేనే."

ఇంటికొచ్చేసరికి పిచ్చుక కిందిగదిలో ఉంది. మామూలుగా ఆమె ఉన్నచోట నిశ్శబ్దం ఉండదు. ఆ రోజు తలవంచుకుని, వదిన చీరలు నాలుగు ముందేసుకుని మడతలు పెడుతోంది. డ్రైవరు భార్యని మంచంమీద కూర్చోబెట్టి, కాలికింద తలగడ సర్ది, తనకేదో పనున్నట్టు వీధిలోకి వెళ్ళాడు.

"తప్పు నాదే వదినా" అంది పిచ్చుక.

"నీదెలా అవుతుందే?"

"నువ్వు కింద చేస్తున్నావని నాకు తెలుసు. నీ మంచం కిర్రుమనడం పైకి వినపడేది. మొదటిరోజు విని ఎంత సంబరపడ్డానో. వదిన నాతోపాటే చేస్తోంది అనుకున్నాను. నాకు చెప్పింది ఇరవై. ఇరవై అయ్యాక ఆపబోతే కింద నువ్వింకా చేస్తున్నావు. నేను ఆపేస్తే నీకు మనసు విరుగుతుందేమోనని ఇంకో ఆరు చేశాను. నీకు వినపడాలని గట్టిగా దించేదాన్ని. నువ్వు ఆపేదాకా నేను ఆపకూడదు అనుకున్నా."

వదిన తలగడమీంచి కాలు తీసి నిటారుగా కూర్చుంది.

"నేను నువ్వు ఆపుతావని చూస్తున్నానే" అంది.

ఇద్దరూ ఒకరి మొహం ఒకరు చూసుకున్నారు. లాండ్రీలో అయితే కళ్ళు కలిసేవి, ఒక్కసారే సడలించేవాళ్ళు. ఇక్కడ మధ్యలో చెక్కనేల ఉంది. పిచ్చుకకి ముందు నవ్వొచ్చింది, తరవాత ఏడుపొచ్చింది. రెండూ కలిసి ముక్కు ఎగబీల్చింది.

"నా కాలు కూడా సలుపుతోంది తెలుసా? నలభైఏడు. నేనేమైనా పదహారేళ్ళదాన్నా?"

"చెప్పొచ్చు కదే."

"ఎలా చెప్పను? నువ్వేమో నా మొహం చూడటం మానేశావు."

అది నిజం. వదిన చీర కొంగు సర్దుకుంది. ఇప్పుడు చెప్పకపోతే ఇక ఎప్పటికీ చెప్పలేనని ఆమెకి తెలుసు.

"నీ కాలు బాగుపడితే నాకు కళ్ళల్లో నిప్పులు పోసుకున్నట్టు ఉందే పిచ్చుకా. దేవుడి దగ్గర కూడా అన్నాను. నీకు ఇంకో నాలుగు రోజులు నొప్పి ఉంచమని."

పిచ్చుక చీర మడత ఆపింది.

"నాలుగేనా?"

"నాలుగే."

"నేను పదిరోజులు అడిగాను నీకు" అంది పిచ్చుక. "మొదట్లో. అన్నయ్య కిందకూర్చుని నీ కాలికి కట్టు కడుతుంటే మెట్లమీంచి చూశాను. నా కాలికి నేనే, ఒక కొస పళ్ళతో పట్టుకుని కట్టుకునేదాన్ని. వదినకి కట్టేవాడున్నాడు కాబట్టి వదినకే ఎక్కువ నొప్పి ఉండనీ అనుకున్నాను. తరవాత చెంపలేసుకున్నానులే."

వదినకి కోపం రావాలి. రాలేదు. తను ఒక్కతే కాదన్న తృప్తి కలిగింది. అలాంటి తృప్తి మంచిది కాదని తెలిసినా కలిగింది. ఆ పూట పిచ్చుక కాలికి కట్టు వదినే కట్టింది, కూర్చున్నచోటునుంచి కదలకుండా, దాని కాలు తన ఒళ్ళో పెట్టించుకుని.

కానీ సోమవారం సోమవారమే. మాట్లాడుకున్నంత మాత్రాన పిక్క అతుక్కోదు, పలకమీది పేరు నిలవదు. పదో వారం సోమవారం నేను అక్కడుంటానని చెప్పింది కాబట్టి వదిన వెళ్ళింది. చేతికర్రతో, డ్రైవరు భుజం పట్టుకుని. సూపర్‌వైజరమ్మ ఆ కర్రని చూసి మొహం తిప్పుకుంది.

"నా పేరు తుడిచెయ్యమ్మా" అంది వదిన. "కొత్తావిడ పేరు రాయి. నువ్వు రాయడం నాకు చూడాలని లేదు, అందుకే ముందే చెబుతున్నాను. కానీ ఒక గంటసేపు ఆ అమ్మాయిని నాకివ్వు."

కొత్తావిడ వచ్చి బిక్కమొహంతో నిలబడింది. తన మూలంగా ఏదో జరుగుతోందని ఆమెకి తెలుసు. వదిన కుర్చీ వేయించుకుని, పిచ్చుక నిలబడే చోటికి సరిగ్గా పక్కన, దుప్పటి పొడవునా కనిపించేలా కూర్చుంది.

"ఏదీ, ఒకటి చెయ్యండి."

చేశారు. అంచు రెండు వేళ్ళ వెడల్పు తప్పింది. వదిన మనసు ఎగిరి గంతేసింది. నేను లేకపోతే ఇంతే అనుకుంది. ఆ సంతోషాన్ని అలాగే ఉంచుకుని, ఏం మాట్లాడకుండా కూర్చుంటే సాయంత్రానికి అంచులు తప్పిన దుప్పట్లు గుట్టపడతాయి. సూపర్‌వైజరమ్మ విసుక్కుంటుంది. మూడునెలలు పోయాక అందరూ వదిన కోసం ఎదురుచూస్తారు. ఇదంతా ఆమెకి ఒక్క క్షణంలో, దుప్పటి పరిచినంత స్పష్టంగా కనిపించింది. ఎంత బాగా కనిపించిందంటే, నోరు తెరవడానికి చాలాసేపు పట్టింది.

"అమ్మాయ్, నువ్వు పొడుగు. చేతులు నీ నడుం దగ్గర కాదు, దాని నడుం దగ్గర ఉంచు. ఆఁ, ఇంకొంచెం దించు. అది ఎడమచేత్తో ముందు లాగుతుంది, దానికే తెలియదు ఆ సంగతి. నువ్వు కుడిచెయ్యి కాస్త ముందుకిచ్చి పట్టుకుంటే అంచు సరిపోతుంది. ఇంకోటి, అది మాట్లాడుతున్నంతసేపూ లాగదు. మాట ఆపి ఊపిరి పీల్చిందంటే లాగబోతోందని లెక్క."

"నేను అలా చేస్తానా?" అంది పిచ్చుక.

"ఇరవై ఎనిమిదేళ్ళుగా చేస్తున్నావు."

రెండోది చేశారు. పిచ్చుక ఏదో చెబుతూ చెబుతూ ఆగింది, ఊపిరి పీల్చింది. కొత్తావిడ చేతులు కాస్త దించి, కుడిచెయ్యి ముందుకిచ్చింది. దుప్పటి ఫెళ్ళుమని విచ్చుకుని బిగిసింది. ఇద్దరూ కళ్ళలోకి చూసుకుని ఒక్కసారే సడలించారు. ఎదురెదురుగా నడిచి వచ్చి చేతులు కలిపారు. అంచు తప్పలేదు.

కొత్తావిడ మొహం వికసించింది. పిచ్చుక ఆమెతో ఏమీ అనకుండా వదినవైపు తిరిగింది.

"ఎలా ఉంది వదినా?"

బాగుంది. తమ ఇద్దరిదానికీ దీనికీ తేడా చెప్పలేనంత బాగుంది. వదిన కడుపులో మంట రేగింది. ఆమె దాన్ని ఆపాలని చూడలేదు, పోయిందని అబద్ధం చెప్పుకోలేదు.

"బాగుంది" అంది. "ఆ మూల కాస్త సర్దు."

తరవాత కర్ర అందుకుని, తనే లేచి, మెల్లగా గలీబుల బల్ల దగ్గరికి నడిచింది. అక్కడ కుర్చీ గోడవైపు తిరిగి ఉంది. పక్కన గలీబులు లెక్కపెడుతున్న ఒకావిడ అది చూసి, అడక్కుండానే లేచి, కుర్చీని గదివైపు తిప్పి పెట్టింది. వదిన కూర్చుని మొదటి గలీబు ఒళ్ళోకి లాక్కుంది.